మైల్స్ నిలబడ్డాడు, కైల్ ఎందుకు నిలబడలేదు? సూపర్‌హీరో పేరు చేతులు మారే కథ

2023లో ‘స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్’ తెలుగులో కూడా డబ్ అయి వచ్చింది కదా, అది చూసినవాళ్లలో చాలామందికి వచ్చే డౌట్ ఒకటే, స్పైడర్‌మ్యాన్ అంటే పీటర్ పార్కర్ కదా మరి ఈ మైల్స్ మొరాలెస్ ఎవడు అని. వేరే యూనివర్స్ లే అని సినిమా ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. కామిక్స్‌లో మాత్రం మైల్స్ రావాలంటే ముందు ఒక పీటర్ చావాల్సి వచ్చింది, పదకొండేళ్లుగా నడుస్తున్న సీరీస్‌ని పదమూడేళ్ల పిల్లాడి చేతిలో పెట్టాల్సి వచ్చింది, ఆ తర్వాత కొన్నాళ్లకి వాడి యూనివర్స్ మొత్తం పోయినా వాడు మాత్రం మిగిలాడు. నడుస్తున్న సీరీస్‌లోకి కొత్త హీరోని దించడం అమెరికన్ కామిక్స్‌లో కొత్తేం కాదు, 1980ల నుంచి ఇదో అలవాటైపోయింది, కాకపోతే వచ్చినవాళ్లలో నిలబడ్డవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకలా అన్నదే అసలు చిక్కు.

మన టీవీ సీరియల్స్‌లో ఒక యాక్టర్ మానేస్తే ఆ పాత్రలోకి ఇంకొకళ్లొస్తారు, ముఖం మారుతుంది, పేరూ ఇల్లూ అత్తగారూ అన్నీ అవే. కామిక్స్‌లో దీనికి పూర్తి రివర్స్. పేరు అదే, లోగో అదే, ఒక్కోసారి ఇష్యూ నంబర్ (నెలనెలా వచ్చే పుస్తకం మీది) కూడా ఆగకుండా అలాగే నడుస్తుంది, లోపలి మనిషి మాత్రం వేరే, వాడికి వేరే ఊరు, వేరే తల్లిదండ్రులు, వేరే భయాలు. కంపెనీకి కావల్సింది బయట ఉన్న పేరు. చదివేవాడికి ఇష్టమైంది లోపలున్న మనిషి. ఈ రెండిటికీ పొత్తు కుదిరితే కొత్త హీరో ఉంటాడు, కుదరకపోతే పాతాయన సెలవు మీద వెళ్లినప్పుడు పెట్టిన ఇన్‌ఛార్జి లాగా మిగిలిపోతాడు.

ముందు కంపెనీ వైపు చూద్దాం, ఎందుకంటే ఫ్యాన్స్ కొట్లాటల్లో దీని గురించి ఎవ్వరూ మాట్లాడరు. సూపర్‌హీరో పేరు అంటే ట్రేడ్‌మార్క్. ట్రేడ్‌మార్క్‌ని వాడుతూ ఉండాలి, ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పడేస్తే దాని మీద హక్కు పల్చబడిపోతుంది. దీనికి కెప్టెన్ మార్వెల్ కన్నా మంచి ఉదాహరణ లేదు. అసలు కెప్టెన్ మార్వెల్ 1940లో ఫాసెట్ అనే కంపెనీది, ఒక దశలో సూపర్‌మ్యాన్ కన్నా ఎక్కువ అమ్ముడుపోయాడు, మా సూపర్‌మ్యాన్‌ని కాపీ కొట్టారని ఇవాళ మనం డీసీ అంటున్న కంపెనీ కోర్టుకెక్కింది, ఆ కేసూ తగ్గుతున్న అమ్మకాలూ కలిసి 1953లో ఫాసెట్ ఆ పుస్తకాలు ఆపేసింది. పేరు ఖాళీగా పడుంది. 1967లో మార్వెల్ కంపెనీ, మా కంపెనీ పేరున్న హీరో మాకు లేకపోతే ఎలా అన్నట్టు, సొంతంగా ఒక కెప్టెన్ మార్వెల్‌ని పుట్టించి పేరు పట్టేసుకుంది. తర్వాత డీసీ ఆ పాత హీరోని తెచ్చుకుని 1973లో మళ్లీ పుస్తకం మొదలుపెడితే కవర్ మీద ఆ పేరు పెట్టుకునే వీల్లేక ‘షజామ్’ అని పెట్టాల్సి వచ్చింది. ఇక మార్వెల్ వాళ్ల కెప్టెన్ 1982లో క్యాన్సర్‌తో చనిపోయాడు, అదే ఏడాది మోనికా రాంబో అనే న్యూ ఆర్లీన్స్ అమ్మాయికి ఆ పేరు ఇచ్చేశారు! ఆయన మీద బెంగ తీరకముందే పేరుకి కొత్త ఓనర్. ఆ తర్వాత ఇంకా ఒకరిద్దరి చేతులు మారి 2012లో కారల్ డాన్వర్స్ దగ్గరికి వచ్చింది. కారల్ అప్పటిదాకా మిస్ మార్వెల్, ఆమె పైకి జరగ్గానే ఆ పేరు ఖాళీ అయింది, 2014లో జెర్సీ సిటీ పాకిస్తానీ అమెరికన్ పిల్ల కమలా ఖాన్ అందులో కూర్చుంది. కమలా సీరీస్ మొదటి పుస్తకానికి 2015లో, సైన్స్ ఫిక్షన్, ఫ్యాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, అది చాలా మంచి పుస్తకం, కానీ ఖాళీ అయిన పేరు ఒకటి రెడీగా ఉండబట్టి అది అంత తేలిగ్గా పుట్టిందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

రెండో కారణం షాపులు. అమెరికాలో 1980ల నుంచి కామిక్స్ ఎక్కువగా ప్రత్యేకంగా కామిక్స్ షాపుల్లోనే అమ్ముడుపోతాయి, షాపు ఓనర్ నెలల ముందే ఆర్డర్ పెట్టాలి, మిగిలినవి వెనక్కి తీసుకోరు, అందుకని భయం భయంగా లెక్కేసుకుని పెడతాడు. మామూలుగా నడుస్తున్న సీరీస్‌కి నెలనెలా కొంచెం కొంచెంగా పాఠకులు రాలిపోతూనే ఉంటారు, వాళ్లని ఆపాలంటే ఏదో ఒక హడావుడి కావాలి. హీరోని చంపడం ఒక హడావుడి, కొత్త హీరోని తేవడం ఇంకో హడావుడి, నంబర్ మళ్లీ 1 నుంచి మొదలెట్టడం మూడోది, మూడూ కలిపితే పండగే. 1992 నవంబర్‌లో సూపర్‌మ్యాన్ 75వ ఇష్యూలో సూపర్‌మ్యాన్‌ని చంపేసి ఆ తర్వాతి ఏడాది ఒకరు కాదు నలుగురు కొత్త సూపర్‌మ్యాన్‌లని దించారు, పాతాయన రానే వచ్చాడనుకోండి, కానీ ఆ దెబ్బకి మిగతా ఎడిటర్లందరికీ దారి దొరికింది.

ఇదంతా చెప్పాక, అంటే ఇది ఉత్త వ్యాపారమేనా అంటే కాదు. వ్యాపారం తలుపు తెరుస్తుంది అంతే, లోపలికొచ్చినవాడు నిలబడతాడా లేదా అనేది మాత్రం రచయిత ఒక ప్రశ్నని ఎలా ఎదుర్కొంటాడన్న దాని మీద ఉంటుంది. ఆ ప్రశ్న పాఠకుడి నోట్లో మొదటి రోజు నుంచీ ఉంటుంది, “అసలు నువ్వెవరు?” దాన్ని తప్పించుకున్న కథలు పోయాయి, దాన్నే కథగా మార్చుకున్నవి ఉన్నాయి. నా లెక్క ఇది. దీనికి ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఫ్లాష్ వాలీ వెస్ట్, గ్రీన్ లాంటర్న్ కైల్ రేనర్, మన మైల్స్.

వాలీ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఈ ముగ్గురిలో నాకు వాలీ అంటేనే పిచ్చి. ఫ్లాష్ అంటే మెరుపు వేగంతో పరిగెత్తే హీరో, ఆ పేరు 1940లో జే గారిక్‌ది, 1956లో బ్యారీ అలెన్‌ది. బ్యారీ భార్య ఐరిస్‌కి మేనల్లుడు వాలీ, చిన్నప్పుడే మేనత్త మొగుడి లాగే మెరుపు దెబ్బ తగిలి కిడ్ ఫ్లాష్ అయ్యాడు. 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ ఎనిమిదో ఇష్యూలో బ్యారీ లోకాన్ని కాపాడుతూ, పరిగెత్తీ పరిగెత్తీ దుమ్మైపోయాడు. కామిక్స్‌లో అంతకన్నా గౌరవమైన చావు ఇంకొకటి ఉందా అంటే నాకు తట్టట్లేదు. ఆ కథ చివర్లో వాలీ ఆ ఎర్ర డ్రెస్ వేసుకున్నాడు, 1987లో కొత్త ఫ్లాష్ సీరీస్ మైక్ బారన్ రాతతో, జాక్సన్ గైస్ బొమ్మలతో మొదలైంది.

ఇక్కడ వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే వాలీని బ్యారీకి జిరాక్స్ లాగా రాయలేదు. మొదటి ఇష్యూలోనే ఒక మనిషి గుండెని ఆపరేషన్ కోసం దేశం ఈ చివర నుంచి ఆ చివరకి సియాటిల్ దాకా పరిగెత్తి తీసుకెళ్లమంటే, ఫ్రీగా ఎందుకు చేస్తా, నాకు హెల్త్ ఇన్సూరెన్స్ ఇప్పించండి అంటాడు! బ్యారీ ఆ మాట అనడు. ఆ ఇష్యూ అయిపోయేలోపే వాడికి లాటరీ తగులుతుంది, డబ్బు, అమ్మాయిలు, కొంచెం పొగరు, కొంచెం చిల్లరతనం. స్పీడ్ కూడా బ్యారీ అంత లేదు, ధ్వని వేగం దగ్గర ఆగిపోతుంది, పరిగెత్తాక కుంభాల కొద్దీ తినాలి. బ్యారీ గోడల్లోంచి దూసుకుపోతే వాలీ అదే చేయబోతే ఆ వస్తువు పేలిపోతుంది. చదివేవాళ్లు, వీడు బ్యారీ కాలిగోటికి సరిపోడు అని తిట్టుకుంటే ఆ తిట్టు కథలోనే ఉంది, దాచలేదు.

అసలు దెబ్బ 1993లో పడింది. మార్క్ వెయిడ్ రాసిన ‘ది రిటర్న్ ఆఫ్ బ్యారీ అలెన్’, ఫ్లాష్ 74 నుంచి 79 వరకు. ఒక క్రిస్మస్ రాత్రి తలుపు తీస్తే ఎదురుగా బ్యారీ, బతికే ఉన్నాడు. పాఠకులంతా ఎనిమిదేళ్లుగా కోరుకుంటున్నదే ఇది. వాలీ ఆనందం చెప్పనక్కర్లేదు, నేను మళ్లీ చిన్నవాణ్ణైపోతా, బరువు దిగిపోయింది అన్నట్టుంటాడు. కానీ ఊళ్లో జనం వాలీని ఫ్లాష్ అని పిలుస్తుంటే బ్యారీ ముఖం మాడుతుంది, చివరికి వాలీ చావబోతుంటే కాపాడకుండా, ఫ్లాష్ అంటే నేనొక్కణ్ణే అని వదిలేసి వెళ్లిపోతాడు. ఆ పేజీ చదివినప్పుడు కడుపులో దేవినట్టవుతుంది. తర్వాత తెలుస్తుంది వాడు బ్యారీ కాదు, బ్యారీ ముఖం పెట్టుకున్న పాత శత్రువు ఇయోబార్డ్ థాన్. అయితే ట్విస్ట్ కన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది, ఇన్నాళ్లూ వాలీ స్పీడ్ ఎందుకు తక్కువుంది అనే దానికి ఆన్సర్ అందులో వస్తుంది: వాడి కాళ్లలో లోపం లేదు, బ్యారీ అంత వేగం వస్తే బ్యారీ స్థానం నిజంగా నాదైపోతుంది, అంటే ఆయన నిజంగా చచ్చిపోయినట్టే అని వాడికి లోలోపల భయం. ఆ భయం వదిలిన రోజు వాడు థాన్‌ని దాటి పరిగెత్తాడు.

చూడండి ఎంత నీట్‌గా ఉందో ఇది. బ్యారీని తీసుకురండి అని అరిచే పాఠకుడి కోరిక తీర్చినట్టే తీర్చి, ఆ కోరిక తీరితే ఎంత అసహ్యంగా ఉంటుందో చూపించి, అదే సమయంలో ఆ పాఠకుడి బాధ తప్పు కాదు, వాలీకీ అదే బాధ ఉంది అని ఒప్పుకున్నాడు రచయిత. ఆ ఆరు ఇష్యూల తర్వాత వాలీ వారసుడు కాదు, ఫ్లాషే. 2006 దాకా, అంటే దాదాపు ఇరవై ఏళ్లు సీరీస్ వాడిదే, ఒక తరానికి ఫ్లాష్ అంటే వాలీయే.

ఇప్పుడు కైల్ దగ్గరికి రండి, అన్నీ తిరగబడతాయి. గ్రీన్ లాంటర్న్‌లంటే శక్తి ఉన్న ఉంగరాలతో విశ్వానికి కాపలా కాసే దళం. 1993 నాటికి ఆ సీరీస్ అమ్మకాలు బాలేవు. హాల్ జోర్డన్ 1959 నుంచి ఉన్న హీరో, నిలువెత్తు ధైర్యానికి పేరు. ఇందాక చెప్పిన నలుగురు సూపర్‌మ్యాన్‌ల కథలో హాల్ ఊరు కోస్ట్ సిటీ మొత్తం బూడిదైపోయింది. ఎడిటర్లు ఉన్న స్క్రిప్టు పక్కన పడేసి రాన్ మార్జ్ అనే రచయితని పిలిపించి మూడంటే మూడు ఇష్యూల్లో, 48, 49, 50, 1994 మొదట్లో, హాల్‌కి పిచ్చెక్కించారు. ఊరి కోసం ఏడుస్తూ తోటి లాంటర్న్‌లని కొట్టి ఉంగరాలు లాక్కుని, పాత స్నేహితుణ్ణి చంపి, మొత్తం దళాన్నే నాశనం చేసి పారలాక్స్ అనే విలన్ అయిపోయాడు. ముప్ఫై ఐదేళ్ల హీరో. మూడు ఇష్యూలు. ఆ దళాన్ని నడిపించే గార్డియన్లలో మిగిలిన ఒకే ఒక్కడు లాస్ ఏంజెలెస్ వచ్చి ఒక సందులో నిలబడున్న కుర్ర ఆర్టిస్ట్ కైల్ రేనర్ చేతిలో ఆఖరి ఉంగరం పెట్టి, ఇక నీతోనే సరిపెట్టుకోవాలి అన్న ధోరణిలో ఒక మాటనేసి మాయమైపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ సీన్ నాకు చాలా ఇష్టం, ఎంపిక లేదు పరీక్ష లేదు, అదృష్టమో దురదృష్టమో దొరికినవాడికి ఇచ్చారు, మన జీవితాల్లో చాలా బాధ్యతలు అలాగే వస్తాయి కూడా. కైల్ చెడ్డ క్యారెక్టర్ కూడా కాదు, ఆర్టిస్ట్ కాబట్టి ఉంగరంతో వాడు చేసే ఆకారాలు హాల్ చేసే పిడికిళ్లూ సుత్తుల కన్నా ఎంతో బాగుంటాయి. కానీ పాపం వాడి తప్పు లేకుండానే వాడి కింద నేల సరిగ్గా లేదు. బ్యారీ హీరోగా పోయాడు, కాబట్టి వాలీని ఇష్టపడితే బ్యారీకి ద్రోహం చేసినట్టు కాదు. హాల్‌ని మాత్రం ముందు హంతకుణ్ణి చేసి తర్వాత బయటకి తోసేశారు, కాబట్టి కైల్ పుస్తకం కొనడమంటే ఆ అవమానానికి ఓటేసినట్టుగా ఫీలయ్యారు పాతవాళ్లు. హీట్ అని ఏకంగా ఒక ఫ్యాన్ గ్రూప్ పుట్టుకొచ్చి హాల్‌ని తిరిగి తెండి అని ఏళ్ల తరబడి గొడవ చేసింది. దానికి తోడు 54వ ఇష్యూలో కైల్ గర్ల్‌ఫ్రెండ్ అలెక్స్‌ని చంపి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాడు విలన్, కొత్త హీరోకి ఒక బాధ ఉండాలి కదా అని షార్ట్‌కట్ అన్నమాట. ఆ ఫ్రిజ్ సీన్ మీదే 1999లో గెయిల్ సిమోన్, అప్పటికింకా ఆమె పేరున్న కామిక్స్ రచయిత కాదు, ఇలా హీరోల కోసం బలైపోయిన ఆడ క్యారెక్టర్ల లిస్ట్ ఒకటి పెట్టింది, అది కామిక్స్ గురించి మాట్లాడే పద్ధతినే మార్చేసింది. కైల్ పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ ఫ్రిజ్జే, అదీ వాడి ఖర్మ.

అయినా కైల్ పదేళ్లు లాగాడు, 1997లో మొదలైన జస్టిస్ లీగ్ సీరీస్‌లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల పక్కన కూర్చున్నాడు. కానీ గమనించండి, “అసలు నువ్వెవరు” అనే ప్రశ్నకి కైల్ వైపు నుంచి కథలో ఏ సమాధానం వచ్చినా అది హాల్ చేసిన పాపాల పక్కనే వినిపించేది. 1996లో హాల్ సూర్యుణ్ణి మళ్లీ వెలిగించి ప్రాణం ఇచ్చాడు, అదీ సరిపోలేదు, 2004లో జెఫ్ జాన్స్ రాసిన ‘గ్రీన్ లాంటర్న్: రీబర్త్’లో తేల్చి చెప్పేశారు, ఆ హత్యలు చేసింది హాల్ కాదు, హాల్ లోపల దూరిన భయం అనే పసుపుపచ్చ పురుగు అని. కొంచెం నవ్వొస్తుంది కానీ పని చేసింది. 2005లో కొత్త సీరీస్ ఒకటో ఇష్యూ నుంచి హాల్ మళ్లీ హీరో, కైల్ పక్క వేషం.

ఇక మైల్స్. ఇక్కడ అదృష్టం కూడా కలిసొచ్చింది, దాన్ని దాచి కేవలం ప్రతిభ అనడం అన్యాయం. మార్వెల్ 2000లో ‘అల్టిమేట్’ అని ఒక పక్క లైన్ పెట్టింది, పాత హీరోల కథలనే కొత్తగా మొదటి నుంచి చెప్పడానికి, అందులో అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్‌ని బ్రయన్ మైకేల్ బెండిస్ రాశాడు, మార్క్ బాగ్లీ వరసగా 111 ఇష్యూలు గీశాడు. అంటే ఈ పీటర్ నిజానికి రెండో పీటర్. 2011లో 160వ ఇష్యూలో వాణ్ణి చంపినప్పుడు అసలు పీటర్ పక్క సీరీస్‌లో, ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’లో, శుభ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. పాత పీటర్ మీద ప్రాణం పెట్టుకున్నవాడికి పోయిందేమీ లేదు. హాల్ విషయంలో ఆ సదుపాయం లేదు, ఉన్నది ఒకే ఒక్క హాల్.

పోయినవాడు కూడా ఎలా పోయాడు? క్వీన్స్‌లో తన ఇంటి ముందే గ్రీన్ గాబ్లిన్‌తో కొట్లాడి, మే ఆంటీ కళ్ల ముందు, బెన్ అంకుల్‌ని కాపాడలేకపోయా కానీ నిన్ను కాపాడుకున్నా అని చెప్పి. బ్యారీ దారే.

ఆ ఆగస్టులో ‘అల్టిమేట్ ఫాలౌట్’ నాలుగో ఇష్యూలో మైల్స్ మొదటిసారి కనిపించాడు, బొమ్మలు సారా పిచెల్లీ. బ్రూక్లిన్ పిల్లాడు, తండ్రి నల్లజాతి అమెరికన్, తల్లి ప్వెర్టోరికో మూలాలున్న ఆవిడ. మార్వెల్ ఆఫీసులో నల్లజాతి స్పైడర్‌మ్యాన్ ఆలోచన అంతకుముందు నుంచే నలుగుతోంది, 2010లో డోనల్డ్ గ్లోవర్ ఒక టీవీ షోలో స్పైడర్‌మ్యాన్ పైజమా వేసుకుని కనిపించడం చూసి, ఇలాంటి పుస్తకం ఉంటే నేను చదువుతా అనిపించిందని బెండిస్ తర్వాత చెప్పుకున్నాడు. వార్త బయటకి రాగానే అమెరికాలో పెద్ద రచ్చే అయింది, రాజకీయం కోసం చేశారని కొందరు, ఎన్నాళ్లకి మా పిల్లలకి ఒక స్పైడర్‌మ్యాన్ దొరికాడని కొందరు.

రచ్చ సంగతి అలా ఉంచి కథలో ఏం చేశారో చూడండి. ఆ మొదటి సీన్‌లో మైల్స్ వేసుకున్నది పీటర్ లాంటి డ్రెస్సే, కంగారూ అనే చిల్లర విలన్‌ని కొడతాడు, చూస్తున్న జనంలో ఎవరో, చనిపోయిన పిల్లాడి డ్రెస్ వేసుకుని తిరగడం అంత పద్ధతిగా లేదు అన్నట్టు ఒక మాట విసురుతారు. మైల్స్‌కి కోపం రాదు, అవునేమో కదా అని సిగ్గుపడతాడు. పాఠకుడి నోట్లో మాట లాక్కుని క్యారెక్టర్ నోట్లో పెట్టారు, అది హీరోకి గుచ్చుకునేలా పెట్టారు.

తర్వాత వెనక్కెళ్లి అసలు సంగతి చెప్తారు. మైల్స్‌కి సాలీడు కుట్టింది పీటర్ చనిపోకముందే. వాడికి పవర్స్ వచ్చాయి, ఇవన్నీ నాకొద్దు, మామూలుగా చదువుకుంటా అని దాచేసుకున్నాడు. ఆ తర్వాత ఒక రోజు స్పైడర్‌మ్యాన్ చచ్చిపోతున్నాడని తెలిసి పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి అయిపోయింది. నేను ముందే బయటకొచ్చుంటే ఆయన బతికేవాడేమో అన్నది వాడి గిల్ట్. అసలు పీటర్ కథకి గుండెకాయ ఏంటి, దొంగని వదిలేశాడు, ఆ దొంగే బెన్ అంకుల్‌ని చంపాడు. చేయగలిగి చేయకపోవడం. మైల్స్‌కి ఆ బెన్ అంకుల్ స్థానంలో ఉన్నది పీటరే! పాత కథనే తిప్పి, పాత హీరోని కొత్త హీరో బాకీగా మార్చేశారు. ఇంక పీటర్‌ని మర్చిపోమని ఎవరూ అడగట్లేదు, మైల్స్‌ని ఇష్టపడాలంటే పీటర్‌ని గుర్తుంచుకోవాల్సిందే. మే ఆంటీయే తర్వాత పీటర్ వెబ్‌షూటర్లు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. స్కూల్ సీటు కూడా లాటరీలో వస్తుంది వాడికి, బంతి మీద నంబర్ 42, కుట్టిన సాలీడు నంబర్ కూడా 42. నీకు ఇది అర్హతతో రాలేదు అనే మాటని కూడా ముందే ఒప్పేసుకున్నట్టే. మిగతా పిల్లలకి రాని సీటు నాకెందుకు వచ్చింది అని వాడికే ఇబ్బంది.

2015లో ‘సీక్రెట్ వార్స్’లో అల్టిమేట్ యూనివర్స్‌ని చెత్తబుట్టలో వేశారు. మైల్స్ మాత్రం దాటి అసలు యూనివర్స్‌కి వచ్చాడు, ఎలాగంటే దేవుడంత శక్తున్న ఒకడికి ఆకలేస్తుంటే మైల్స్ తన జేబులో మిగిలిన పాత హ్యాంబర్గర్ ఇచ్చాడు, దానికి కృతజ్ఞతగా! నేను కల్పించి చెప్పట్లేదు, నిజంగానే అలా రాశారు. అప్పటికే కథలో చనిపోయిన తల్లి రియో కూడా తిరిగొచ్చింది.

వీళ్లు కాక ఇంకో రకం ఉంది, మొదటి నుంచీ తాత్కాలికంగానే తెచ్చినవాళ్లు. 1983లో టోనీ స్టార్క్ తాగుడులో పడితే జిమ్ రోడ్స్ ఐరన్‌మ్యాన్ అయ్యాడు, 1987లో స్టీవ్ రోజర్స్ పేరు వదిలేస్తే ప్రభుత్వం జాన్ వాకర్‌ని కెప్టెన్ అమెరికా చేసింది, 1993లో బేన్ అనే విలన్ బ్యాట్‌మ్యాన్ నడుం విరగ్గొడితే జాన్‌పాల్ వ్యాలీ వచ్చాడు. చివరి ఇద్దరి పని ఏంటంటే పాతాయన విలువ గుర్తుచేయడం, అప్పట్లో కొట్టి చంపే కరుకు హీరోలు ఫ్యాషన్ కాబట్టి, సరే మీకు కావల్సిన కరుకు బ్యాట్‌మ్యాన్ ఇదిగో, ఎలా ఉందో చూడండి అని ఇచ్చారు. 2013లో డాక్టర్ ఆక్టోపస్ అనే విలన్ పీటర్ ఒంట్లో దూరి ఏడాదికి పైగా స్పైడర్‌మ్యాన్‌గా తిరిగింది కూడా ఆ కోవే, నాకు భలే నచ్చింది కూడా. వీటిని ఫెయిల్ అనకూడదు, వాటి గమ్యమే అది.

థోర్ అయిన జేన్ ఫాస్టర్ ఈ రెండు రకాలకీ మధ్యలో ఉంటుంది. 2014లో జేసన్ ఆరన్ రాశాడు. సుత్తి మీద మొదటి నుంచీ రాసే ఉంది, ఎవరికి అర్హత ఉంటే వాళ్లకి థోర్ శక్తి అని, కాబట్టి పేరు మారడానికి కథలో దారి ముందే ఉంది. జేన్‌కి క్యాన్సర్, సుత్తి ఎత్తి థోర్‌గా మారిన ప్రతిసారీ ఒంట్లో ఉన్న కీమో మందు కడిగేసినట్టు పోతుంది, అంటే లోకాన్ని కాపాడిన ప్రతిసారీ తన చావు దగ్గరవుతుంది. ఎంత గొప్ప ఐడియా అది! కానీ ఐదో ఇష్యూలో ఒక విలన్ ఆడ థోర్ ఏంటి అని వెటకారం చేస్తే ఆమె దవడ పగలగొడుతుంది, అక్కడ నాకు పంటి కింద రాయి. మైల్స్‌కి ఆ మాట గుచ్చుకుంది, జేన్ ఆ మాటన్నవాణ్ణి కొట్టింది. ఒకటి పాఠకుడితో మాట్లాడటం, ఇంకోటి పాఠకుణ్ణి కొట్టడం. జేన్ కథ మొత్తం బాగుందన్నది వేరే విషయం, 2018లో ఆమె థోర్ కథ ముగిసినప్పుడు అర్ధాంతరంగా ఆపినట్టనిపించలేదు, ముగింపులానే ఉంది.

మరి అంత బాగా నిలబడ్డ వాలీ సంగతేమైంది అంటే, అదే చేదు. 2008లో బ్యారీ నిజంగానే తిరిగొచ్చాడు. ఆయన్ని మళ్లీ హీరోగా నిలబెడుతూ 2009లో ‘ఫ్లాష్: రీబర్త్’ రాసింది ఎవరో కాదు, 2000 నుంచి 2005 దాకా వాలీ కథలు అద్భుతంగా రాసిన ఆ జెఫ్ జాన్సే. నా ఉద్దేశంలో ఇది ద్రోహం కాదు, చిన్నప్పుడు చదివిన హీరోని తన చేత్తో బతికించుకోవాలని ప్రతి రచయితకీ ఉంటుంది, పైగా సినిమాలకీ టీవీకీ ఒకే హీరో ఒకే పేరు ఉంటే అమ్మడం తేలిక. 2011లో డీసీ అన్నీ కొత్తగా మొదలుపెట్టినప్పుడు వాలీ అసలు పుట్టనే లేదన్నట్టు తుడిచేశారు, ఇరవై ఏళ్ల హీరోని! 2016లో ‘డీసీ యూనివర్స్: రీబర్త్’లో తిరిగొచ్చి, ఎవరికీ గుర్తులేక కరిగిపోతూ బ్యారీకి థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోబోతుంటే చివరి క్షణంలో బ్యారీకి గుర్తొచ్చి చెయ్యి పట్టి లాగేస్తాడు, ఇద్దరూ వాటేసుకుంటారు. ఏడవని ఫ్యాన్ ఉంటే చూపించండి. 2018లో వచ్చిన ‘హీరోస్ ఇన్ క్రైసిస్’లో వాలీని ఏం చేశారో మాత్రం ఇక్కడ రాయను, బీపీ పెరుగుతుంది. 2021లో ఫ్లాష్ మెయిన్ సీరీస్ మళ్లీ వాలీకి ఇచ్చారు.

ఈ మధ్య కంపెనీలు పట్టిన దారి ఏంటంటే ఇద్దరినీ ఉంచేయడం. పీటరూ మైల్సూ ఇద్దరూ స్పైడర్‌మ్యాన్‌లే, స్టీవ్ రోజర్స్, శామ్ విల్సన్ ఇద్దరూ కెప్టెన్ అమెరికాలే. గొడవలు తగ్గాయి, ఇద్దరి పుస్తకాలూ అమ్ముకోవచ్చు, ఎవర్నీ చంపక్కర్లేదు. కాకపోతే వాలీ కథలో ఉన్న ఆ భయం, నేను ఎదిగితే ఆయన పోయినట్టే అన్నది, ఈ ఏర్పాటులో పుట్టదు, ఆయన పక్క వీధిలోనే ఉంటాడు కదా. 2018లో వచ్చిన మైల్స్ మొదటి సినిమా ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’కి ఆస్కార్ వచ్చాక మైల్స్ ఎవరో తెలియని పిల్లలు లేరు, ఆ సినిమా కూడా గమనిస్తే ముందు వాడి లోకంలోని పీటర్‌ని చంపే కథ మొదలుపెట్టింది. కామిక్స్‌లో మాత్రం 2016లో మైల్స్‌కి ‘స్పైడర్‌మ్యాన్’ అని కవర్ ఇచ్చి పక్కనే పీటర్‌ని ఉంచారు, 1963 నుంచి వస్తున్న ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’కి ప్రధాన హీరో ఇప్పటికీ పీటరే, మైల్స్‌ని ఇంతవరకు అందులో కూర్చోబెట్టలేదు.